దశావతార ఫలకానికి పట్టిన చీమలు

ఈ నాలుగు పుటలు రాయవలసిన అవసరం ఎందుకు కలిగిందో ముందుగా చెప్పడం మర్యాద. నిజామాబాదు పట్టణంలో ఒక చిన్న ప్రదర్శనశాల ఉంది. పండుగలకూ పురాణాలకూ కావ్యాలకూ సంబంధించిన వస్తువులను అక్కడ ఒక గదిలో ఉంచారు. ఆ గదిలో ఎడమవైపు మూడవ అద్దాల పెట్టెలో మొన్నమొన్నటి దాకా ఒక టేకు పలక ఉండేది. దాని కింద నేను రాసిన వివరణ, పక్క గోడ మీద దాన్నే పెంచి రాసిన నా వ్యాసం ఉండేవి. ఆ వివరణ మొదటి వాక్యం నుండి చివరి వాక్యం వరకు తప్పు. నలభై ఏళ్ళుగా బడి పిల్లలు వరుసకట్టి వచ్చి, దాన్ని నోటు పుస్తకాలలో ఎక్కించుకొని వెళ్ళారు. ఇతరుల తప్పులు దిద్దడమే వృత్తిగా బతికినవాణ్ణి నేను. నా తప్పును నేనే దిద్దుకోకపోతే ఇన్నాళ్ళు వాడిన ఎర్ర సిరాకు అర్థం ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

మొన్నటి ఫాల్గుణంలో, హోలీకి ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయనగా, ఒక ఉదయం వరండాలో కూర్చుని పత్రిక చదువుతున్నాను. నేను పత్రిక చదవడమంటే ఎర్ర పెన్సిలు పట్టుకొని చదవడం. ఆ రోజు మూడవ పుటకు వచ్చేసరికే పదకొండు దోషాలు తేలాయి, మనసుకు ఒక విధమైన తృప్తి కలిగింది. అప్పుడు ఫోను మోగింది. ప్రదర్శనశాల బాధ్యతలు చూసే అమ్మాయి. డిచ్‌పల్లిలో చదువుకొని వచ్చిన పిల్ల, పని మీద శ్రద్ధ గలది, నన్ను అనవసరంగా కదిలించే రకం కాదు.

"సార్, మీ దశావతారాల పలకకు చీమలు పట్టినయ్."

"చెదలు పట్టాయా?"

"చెదలు కాదు సార్, చీమలు. ఎర్ర చీమలు. వరాహావతారం కాడ గుంపు కట్టినయ్."

"చీమలకు పురావస్తువుతో ఏం పని?"

"గదే మిమ్మల్ని అడుగుదామని ఫోన్ చేసిన సార్."

తెలియని ప్రశ్నకు జవాబుగా గొంతు సవరించుకోవడం ఉపాధ్యాయులకు ఉన్న అలవాటు. అదే చేసి, బయలుదేరుతున్నానని చెప్పాను.

వెళ్ళి చూస్తే ఆమె మాట నిజం. అద్దం కింది సందులోనుండి సన్నని ఎర్రని గీత పలక మీదికి పాకింది. పలక మీద పది గుంటబొమ్మలు చెక్కి ఉంటాయి. వాటన్నిటినీ కలుపుతూ నడుమ ఒక సన్నని కాలువ పోతుంది. ఆ కాలువను నేను నా వివరణలో "అవతారములన్నింటిని అనుసంధించు కాలసూత్రము" అని వర్ణించాను. పలక పై అంచున ఉన్న పది గాట్లు దీపాలు పెట్టే కుదుళ్ళనీ, అక్కడక్కడా కనిపించే నల్లని మరక ధూపం పొగ అనీ రాశాను. చీమలు ఆ కాలసూత్రం వెంట క్రమశిక్షణతో నడిచి, ధూపం మరక దగ్గర ఆగి, ఏదో కొరుకుతున్నాయి. ఏటా ఎండలు ముదిరేసరికి ఇవి వస్తాయట. మందు చల్లితే నాలుగు రోజులు ఆగి మళ్ళీ వస్తాయట. సందర్శకుల పిల్లలు బిస్కెట్లు రాల్చారేమోనని ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ అనుకొన్నదట.

ఆ గదిని ఊడ్చే అవ్వ చీపురు పట్టుకొని మా వెనక నిలబడి ఉంది. బోధన్ దగ్గరి ఒక పల్లె ఆమెది. మా ఇద్దరి తర్కమూ కొంతసేపు విని, ఇక ఓపిక లేక నవ్వింది.

"చీమలు రాక ఏమైతది సారూ? గది చక్కెర పేర్ల అచ్చు గదా."

పరాయి ప్రాంతపు పాఠకుల కోసం చెబుతాను. చక్కెర పాకాన్ని బిళ్ళలుగా, బొమ్మలుగా పోసి, దారంతో హారంగా చేసిన దానిని మా వైపు పేరు అంటారు. హోలీనాడు పసిపిల్లల మెడలో చక్కెర పేరు, ఎండుకొబ్బరి కుడుకల పేరు వేస్తారు. పిల్లలు రంగులలో తడుస్తూ, మెడలోని నగను తామే కొరుక్కుతింటూ తిరుగుతారు. ఇది తెలియనివాణ్ణి కాను. కాని నా ఫలకానికీ దానికీ సంబంధం ఏమిటి?

"అవ్వా, ఇది దశావతార ఫలకం" అన్నాను, తరగతి గదిలో వాడే గొంతుతో. "చూడు, ఇది మత్స్యం. ఇది కూర్మం. ఇదిగో వరాహం, కోరలు కనబడుతున్నాయి కదా!"

"అది రైలింజను సారూ. గవి కోరలు గావు, ఇంజను ముంగట ఇనుప పండ్లు. నా తొలి హోలీకి మా అవ్వ గిసుంటి పేరే నా మెడల ఏసిందంట. ఇంజను మూతి నాకిన్నని పెద్దయ్యేదాంక నవ్వుతుండె."

"కూర్మం?"

"కుడుక. బోర్లిస్తె తాబేలు లెక్కనే ఉంటది."

ప్రదర్శనశాల అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకొన్నది. అవ్వ ఊరుకోలేదు. చీపురు గోడకు ఆనించి, అద్దానికి దగ్గరగా వచ్చి, నిట్టూర్చింది.

"గీ ఏడు నా మనుమరాలికి తొలి హోలీ. గీ పేరు ఏద్దామంటె ఇప్పుడు యాడ దొరుకుతది? బోధన్ల పేర్లు పోసే చాచా బిడ్డను అడిగిన. అచ్చు లేదవ్వా అన్నది. ఎన్కట ఎవరో సారు పట్టుకపోయి, మల్ల తెచ్చియ్యలేదంట."

ఆ సారు నేనే అని ఆమెకు తెలియదు. నీళ్ళు కావాలా సార్ అని ఆ అమ్మాయి రెండుసార్లు అడిగిందట, నాకు వినిపించలేదు.

ఇక ఆ కాలం సంగతి చెప్పాలి. నేను పుట్టింది బాల్కొండ వైపు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బోధన్ ఉన్నత పాఠశాలకు తెలుగు పండితునిగా వెళ్ళాను. చక్కెర కర్మాగారం కూతతో ఊరు లేచేది. చెరకు బండ్లు వీధి పొడవునా నిలిచి, ఎడ్లు నెమరు వేస్తుంటే, గాలి అంతా తీపిగా పులిసినట్టు ఉండేది. నేను అద్దెకు ఉన్న ఇంటికి గోడ అవతల ఒక ముస్లిం కుటుంబం. ఆ ఇంటి పెద్దను హిందువులు, ముస్లింలు అన్న భేదం లేకుండా వీధంతా చాచా అనే పిలిచేది. శివరాత్రి దాటితే వారి పెరట్లో కడాయి ఎక్కేది. పాకం మరిగి, పాలు చిలకరించి మడ్డి తీసే వాసన గోడ దాటి వచ్చేది. ఆ వాసనతో పాటు చీమలూ వచ్చేవి. నా పుస్తకాల అలమారాలో అవి కాపురం పెట్టినప్పుడు నేను చాచాను పిలిచి, శుభ్రత గురించి ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆయన తలవంచుకొని విని, "మాఫ్ కరో సార్" అని, మరునాడు తానే వచ్చి గోడ పొడవునా చీమల మందుతో గీత గీసి పోయాడు. గీత వంకర పోయిందని కూడా చెప్పినట్టు జ్ఞాపకం.

వారు పేర్లు పోస్తారని తెలుసు. ఎలా పోస్తారో మాత్రం ఒక్కనాడూ తొంగి చూడలేదు. పక్క ఇంటి పెరట్లోకి చూడడం సభ్యత కాదని నమ్మేవాణ్ణి. మా ఇంట్లో అప్పటికి పసిపిల్లలు లేరు. బాల్కొండ వైపు నేను చూసిన పేర్లన్నీ గుండ్రని బిళ్ళలే. అచ్చులలో బొమ్మలు ఉంటాయనీ, అందులోనూ తొలి హోలీ చూసే శిశువు కోసం వేరే అచ్చు ఉంటుందనీ నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. అది నేను అడగలేదు.

ఒక చలికాలం సాయంత్రం ఏదో పని మీద వారి గడపలోకి వెళ్ళాను. గోడకు ఈ పలక వేలాడుతోంది. ఆ వారమే తొమ్మిదవ తరగతికి దశావతారాల సీసపద్యం చెప్పి ఉన్నాను. పది గుంటలు లెక్కపెట్టగానే ఇది దశావతార ఫలకమే అని తేల్చేశాను. అక్కడే నిలబడి చాచాకు పద్యం చదివి వినిపించాను. ఇది గొడ్డలి, పరశురాముడు. ఇది విల్లు, రాముడు. ఇది వేణువు, కృష్ణుడు. బొమ్మల వరుస పద్యంలోని వరుసతో కలవలేదు. ఆ లోపాన్ని కూడా చెక్కినవాని మీదే వేసి, చదువు లేని శిల్పి క్రమభంగం చేశాడని తీర్పు చెప్పాను. చాచా రెండుసార్లు నోరు తెరిచిన మాట నాకు ఇప్పుడు స్పష్టంగా గుర్తుకు వస్తున్నది. "సార్, గిది..." అన్నాడు. నేను చేయి ఎత్తాను. పాఠం నడుమ మాట్లాడే పిల్లవాణ్ణి ఆపినట్టు ఆపాను. ఆయన ఆగిపోయాడు. సారు చెబుతుంటే అడ్డం రావడం ఆయన ఎరిగిన మర్యాద కాదు.

నిజామాబాదులో బడుల ప్రదర్శన జరగబోతున్నది, దీన్ని పెడతాను, ఇస్తావా అని అడిగాను.

"ఆప్ కా హీ హై సార్" అన్నాడు చాచా. మరికొంచెం ఆగి, "దీనికి జోడు ఉంటది సార్, అది..." అన్నాడు.

"అక్కరలేదు. ఇది ఒక్కటి చాలు" అన్నాను.

"హోలీ లోపల..."

"ఎప్పుడో తెచ్చి ఇస్తాను" అని చంకన పెట్టుకొని వచ్చాను.

ప్రదర్శనలో నా ఫలకాన్ని పెద్దలు మెచ్చుకొన్నారు. ప్రదర్శనశాల పెట్టబోతున్న ఒకాయన, ఇటువంటి అపురూప వస్తువు చీకటి ఇంట్లో మగ్గిపోకూడదన్నాడు. అదే వారం నాకు బాల్కొండకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. సామాను సర్దుకొనే తొందరలో, దాత అన్న గడిలో నా పేరు రాసి, సంతకం పెట్టాను. ఆప్ కా హీ హై అన్నాడు కదా అని మనసుకు చెప్పుకొన్నాను. ఎదుటివారు మెచ్చిన వస్తువును మీదే అనుకోండి అనడం ఆ ఇళ్ళలో పలకరింపు వంటిదని బోధన్‌లో ఏడేళ్ళు ఉన్నవానికి తెలియదంటే ఎవరూ నమ్మరు. నేనూ నమ్మను.

అవ్వ మాట విన్న మరునాడే బోధన్ బస్సు ఎక్కాను. కర్మాగారం మూతపడిన ఊరు నిశ్శబ్దంగా ఉంది. చాచా పోయి చాలా ఏళ్ళు. ఆ ఇంట్లో ఆయన కూతురు ఉంటున్నది. నేను ఎరిగినప్పుడు పెళ్ళీడు పిల్ల, ఇప్పుడు తల పూర్తిగా నెరిసింది. పెరట్లో కడాయి ముందు కూర్చుని ఉంది. ఎవరు అని అడగలేదు. కొంగు తలపైకి లాక్కొని, లేచి నిలబడి, ఆమె అన్న మొదటి మాట ఇది:

"వచ్చిండ్రా సార్? అచ్చు తెచ్చిండ్రా?"

నిన్న పట్టుకుపోయిన గొడుగును అడిగినట్టు అడిగింది. నింద లేదు, వెటకారం లేదు. ఇంకా తేలేదని, అది నిజామాబాదు ప్రదర్శనశాలలో ఉందని చెప్పాను.

ఆమె నన్ను గంగాళం దగ్గరికి తీసుకుపోయింది. పాకం అంటుకోకుండా అచ్చులను ముందు రోజు నీళ్ళలో నానబెట్టాలట. గంగాళంలో నాలుగైదు గుండ్రని బిళ్ళల అచ్చులున్నాయి. వాటి అడుగునుండి ఆమె ఒక పలకను పైకి తీసింది. నీళ్ళు కారుతున్న ఆ టేకు మీద పది గుంటబొమ్మలు, నడుమ దారం కాలువ. నా ఫలకాన్ని అద్దంలో చూసినట్టు ఉంది.

"జోడు సార్. రెండు పలకలు కలిపి, నడుమ దారం పెట్టి, తాడుతోని గట్టిగ కట్టాలె. పైన గాట్ల నుంచి పాకం పోయాలె. ఒక్కదానితోని ఏం గాదు."

"మరి దీన్ని నానబెట్టడం ఎందుకు?"

"మా అబ్బా చెప్పిండ్రు. ఎండితె కట్టె పగుల్తది, వంకర పోతది, సారు ఆ జోడు తెచ్చెటాల్లకు ఇది తయారుండాలె అన్నరు. ప్రతి హోలీకి ఏస్తున్న."

నలభై ఏళ్ళు. ప్రతి ఫాల్గుణంలోనూ. ఆ మాటను నేను మనసులో ఎన్నిసార్లు తిరగవేసుకొన్నా, మొదటిసారి విన్నంత దిగ్భ్రమే కలుగుతున్నది.

"ఒక్క ఉత్తరం రాయించకపోయారా అమ్మా?"

"అబ్బా రాయనియ్యలే సార్. సారును అడిగితె ఇజ్జత్ తీసినట్టయితది, యాదికొస్తె ఆయనే తెస్తరు అన్నరు. తొలి హోలీ పేర్ల కోసం వచ్చెటోళ్ళు రెండు మూడేండ్లు తిరిగి తిరిగి బంద్ చేసిండ్రు. ఆఖరుకు కన్ను మూసే ముంగట ఒకటే అన్నరు, గా బొమ్మల పేరు ఒక్కసారన్న పోయాలె బిడ్డా అని."

ఆ బొమ్మలేమిటో అప్పుడు ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది. నేను గొడ్డలి అన్నది చెరకు నరికే కత్తి. వేణువు అన్నది కణుపులతో సహా చెరకు గడ. నరసింహుని జూలు బంతిపువ్వు రేకులు. వామనుని గొడుగు, కర్మాగారం పొగగొట్టం పైన కమ్ముకొన్న పొగ. రాముని విల్లు రంజాను నెలవంక. కల్కి గుర్రం అని నేను రాసినది, పొలాల అమావాస్యకు మొక్కే ఎద్దు. నాగలి మాత్రం నాగలే, మంజీర చేప మాత్రం చేపే. చాచా తండ్రి చెక్కించినదట. పసిబిడ్డ మెడలో మొత్తం బోధన్ ఉండాలె అనేవాడట ఆయన. ఆ వరుసలో ఏ భంగమూ లేదు. పొలం నుండి పొగగొట్టం దాకా చెరకు పోయే దారి అది.

"ఈ హోలీ వరకు తెస్తరా సార్? నా చేతులు వణుకుతున్నయ్. వచ్చేయేడు కడాయి లేపుతనో లేదో."

తెస్తానని చెప్పాను. ఈసారి తేదీ కూడా చెప్పాను.

ప్రదర్శనశాల అమ్మాయి రిజిస్టరు తెరిచి నా సంతకం చూపించింది. "మీరే దాత సార్. ఇది మీది కాదని, మీరు ఇయ్యడానికి హక్కు లేదని మీరే రాసిస్తెనే బయటికి పోతది. గోడ మీద మీ వ్యాసం కూడ తీసెయ్యాల్సొస్తది." రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ఆ వ్యాసం వల్ల జిల్లాలో నాకు కొంత పేరు ఉంది. మూడవ రోజు, "పొరపాటు జరిగినది" అని రాసి తీసుకుపోయాను. ఆమె చదివి, వినయంగానే అడిగింది: "ఎవరు చేసిండ్రో ఇందుల లేదు సార్." విద్యార్థి ఎవరైనా అలా రాసి ఉంటే నేను సున్నా వేసేవాణ్ణి. అక్కడే కూర్చుని తిరిగి రాశాను. నేను తీసుకున్నాను. నేను తిరిగి ఇవ్వలేదు. నాది కానిదానికి నేను దాతనని సంతకం చేశాను. ఇంత సరళమైన వాక్యాలు నా జీవితంలో ఎన్నడూ రాయలేదు.

చెప్పిన తేదీకి పలకను తీసుకొని వెళ్ళాను, ఊడ్చే అవ్వ కూడా వెంట వచ్చింది. రెండు పలకలు కలిపి చూస్తే కలవలేదు. అద్దాల పెట్టెలో ఎండిన సగం కుంచించుకుపోయి, వంగిపోయింది. ఒక మూల వేలు పట్టేంత సందు. చాచా కూతురు దాన్ని గంగాళంలో ముంచి, పైన రాయి పెట్టింది. మూడు రోజులు నానిన తరువాత పలకలు చాలావరకు కలిశాయి. పూర్తిగా కాదు. హోలీకి ముందు రోజు ఉదయం తాడు బిగించి పాకం పోశారు. చల్లారాక విప్పితే పదింటిలో ఏడు బొమ్మలు నిండుగా వచ్చాయి. చేపకు తోక రాలేదు, చంద్రుడు రెండు ముక్కలయ్యాడు, ఇంజను ముందు భాగం సందులోనుండి కారిపోయింది.

"మీ వరాహానికి మూతి ఇరిగింది సారూ!" అని అవ్వ పగలబడి నవ్వింది. చాచా కూతురు కూడా నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకొని, దారం చివరలు ముడివేసి, పేరును అవ్వ చేతిలో పెట్టింది. మరునాడు అది అవ్వ ఆరు నెలల మనుమరాలి మెడలోకి చేరింది. పొగగొట్టాన్ని మొదట నాకిందని కబురు అందింది.

అద్దాల పెట్టెలో ఇప్పుడు జోడు అచ్చుల ఫోటో ఉంది, కింద కొత్త వివరణ ఉంది. దాన్ని చాచా కూతురు చెప్పగా ప్రదర్శనశాల అమ్మాయి రాసింది. నేను అక్షరదోషాలు మాత్రమే చూశాను. పలకలు రెండూ బోధన్‌లో ఒకే గంగాళంలో ఉన్నాయి.

ఈ కథనంలో పాకం పోసే పద్ధతి, బొమ్మల వరుస, ఎవరు ఏమన్నారన్నది నాకు గుర్తున్నంత, అర్థమైనంత రాశాను. తప్పులు ఉండవచ్చు. ఉంటాయి. పెద్దవాడు, సారు అని సంకోచించకండి. చాచా నాకు ఇచ్చిన ఆ గౌరవాన్ని మీరు ఇవ్వవద్దని పాఠకులను వేడుకొంటున్నాను. నేను చేయి ఎత్తినా ఆగకుండా, తెలిసినది తెలిసినట్టు వెంటనే చెప్పండి. ఒక తప్పును మరో నలభై ఏళ్ళు నీళ్ళలో నానబెట్టుకొని ఎదురుచూడడానికి ఆ ఇంట్లో చేతులు, నా దగ్గర కాలం ఇక మిగిలి లేవు.